ఫొటోమ్మ

"కుప్పం అనమ్మా. ఊఁ, ఇంకొక్కసారి. కుప్పం."

పెళ్ళికూతురు వసుధ కళ్ళెత్తి చూసి, సిగ్గుపడుతూనే "కుప్పం" అంది. చివరి సున్న దగ్గర పెదవులు మెత్తగా మూతపడ్డాయి. కాస్త ఎత్తుగా ఉన్న పైపళ్ళు లోపలికి వెళ్ళి దాక్కున్నాయి. సరిగ్గా అప్పుడు ప్రభావతి మీట నొక్కింది. గది ఒక్కసారి తెల్లబడి మళ్ళీ మామూలైంది.

"ఏం ఫొటోమ్మా, మెళ్ళో తాళి పడకముందే అత్తగారూరి పేరు వల్లె వేయిస్తాండావే!" అంది మూలన కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తున్న మారెమ్మ. ఆమె వసుధకు అవ్వ, నాయన తల్లి. సదుం దగ్గర పల్లె నుంచి మనవరాలి పెళ్ళికని నాలుగు రోజుల ముందే వచ్చి, పుంగనూరులోని ఈ ఇంట్లో అందరి మీదా అజమాయిషీ చేస్తోంది. పెళ్ళికొడుకుది నిజంగానే కుప్పం. గదిలో ఉన్న ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. వసుధ కూడా పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. ప్రభావతి దాన్నీ తీసింది. చెప్పి తీసేది ఆల్బంకు, చెప్పకుండా తీసేది ఆ పిల్లకు అని ఆమె అనుకుంటుంది. ముప్పై ఏళ్ళ తర్వాత ఏది తీసి చూసుకుంటారో ఆమెకు తెలుసు.

పళ్ళు ఎత్తుగా ఉన్నవాళ్ళకు కుప్పం. బిడియంతో మూతి బిగించుకునేవాళ్ళకు మదనపల్లీ. చివర దీర్ఘం తీస్తే చాలు, నవ్వు తనంతట తనే వచ్చి పెదవుల మీద కూర్చుంటుంది. ఏడుపు ఆపుకుంటున్నవాళ్ళకు పుంగనూరు. మూతి గుండ్రంగా చుట్టుకుని, ఏడవబోతున్నదో ముద్దు పెట్టబోతున్నదో తెలియకుండా పోతుంది. ప్రభావతి ఎన్నో ఏళ్ళుగా ఈ మూడూళ్ళ మధ్య బస్సుల్లో తిరుగుతూ, పెళ్ళికూతుళ్ళ మూతులకు ఊళ్ళ పేర్లు పంచుతూనే ఉంది.

ఈ కిటుకు పుట్టింది ఆమె మూతి మీదే. నర్సు ట్రైనింగుకు ఫొటో కావలసి, పదిహేడో ఏట మిషన్ ఆసుపత్రి క్వార్టర్సు నుంచి పిన్నమ్మను వెంటబెట్టుకుని ఎలీషా స్టూడియోకు వెళ్ళింది. స్టూలు మీద కూర్చున్న పిల్ల ఎంత చెప్పినా నవ్వదు. "యా ఊరు పాపా మీది?" అని విసుగ్గా అడిగాడు నల్లగుడ్డ కింద నుంచి ఎలీషా. "మదనపల్లీ" అంది. లోపల టక్కుమంది. ఆ ఫొటో ఎంత బాగా వచ్చిందంటే, ఎలీషా దాన్ని ఆమెకు ఇవ్వనే లేదు. ప్రింటు మసకగా వచ్చిందని ఒకసారి, కాగితం అయిపోయిందని ఒకసారి తిప్పించుకున్నాడు. ట్రైనింగుకు గడువు దాటిపోయింది. ఆ వచ్చే క్రిస్మస్ లోపలే ఇద్దరికీ పెళ్ళయిపోయింది.

కెమెరా ఆమె చేతికి రావడం కూడా అనుకోకుండానే. మదనపల్లెలో ఒక సాయిబుల ఇంటి పెళ్ళిలో, ఆడవాళ్ళ వైపుకు మగ ఫొటోగ్రాఫరును రానివ్వలేదు. "ఉత్తగా నొక్కు ప్రభా, మిగతాది దేవుడు సూసుకుంటాడు" అని ఎలీషా ఆమెను పరదా లోపలికి తోశాడు. ఆ ఫిలిం రోలులో సగం బొమ్మలకు తలలు లేవు. గోరింటాకు చేతులు, గాజులు, జరీ అంచులు, ఒడిలో పెట్టుకున్న వేళ్ళు మాత్రమే ఉన్నాయి. ఎలీషా తల పట్టుకున్నాడు. కానీ ఆ ఇంటి ఆడవాళ్ళకు అవే తెగ నచ్చాయి. మొహాలు కనబడకుండా, నగలన్నీ కనబడేలా ఎంత తెలివిగా తీసిందో అని ఊరంతా చెప్పుకున్నారు. అప్పటి నుంచి మండపం ఆయనది, పెళ్ళికూతురి గది ఈమెది. జనం నోట ఆయన ఫొటో ఎలీషప్ప అయ్యాడు, ఈమె ఫొటోమ్మ అయింది.

ఆ గదుల్లో ఆమె చూసినవి ఇంకెవరూ చూసి ఉండరు. జడలో పూలు కుడుతుంటే కూర్చున్నచోటే నిద్రపోయిన పెళ్ళికూతురు. పట్టుచీర కుచ్చిళ్ళలో వేరుశనగ ఉండలు దాచుకుని, ఎవరూ చూడనప్పుడు కొరుక్కునే పెళ్ళికూతురు. హార్స్లీ హిల్స్ కింద పల్లెలో ఒక పిల్ల, ముహూర్తానికి ముందు గది కిటికీలోంచి చెయ్యి చాపి, పెంచుకున్న దూడకు వీడ్కోలు చెప్పింది. ఆ దూడ నాలుక, ఆ గోరింటాకు చెయ్యి, వెనకాల పొద్దు. ఆ ఫొటో తీసినప్పుడు ప్రభావతికి తాను మేలుకునే ఉందా అని అనుమానం వచ్చింది. ఒక్కోసారి కళ్ళు మూసుకుంటే ఆ పెళ్ళికూతుళ్ళంతా ఒకే గదిలో, ఒకే కిటికీ వెలుగులో వరసగా కూర్చుని ఉన్నట్టు, ఎవరి ఊరి పేరు వాళ్ళు మెల్లగా పలుకుతున్నట్టు అనిపిస్తుంది.

ఒక్కటి మాత్రం ఆమె ఇన్నేళ్ళలో ఎప్పుడూ తీయలేదు. అప్పగింతలు. పాలపళ్ళెం తెచ్చేసరికి ఆమె ఏదో ఒక నెపంతో పెరట్లోకి వెళ్ళిపోయేది. చిన్నప్పుడు వాళ్ళమ్మ క్షయ ఆసుపత్రిలో ఉండేది. ఆదివారం చూడ్డానికి వెళ్తే మంచం మీద దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది, అమ్మ లేదు. పోయివస్తానని ఆ తల్లి చెప్పలేదు. అప్పటి నుంచి ఎవరు ఎవరికి పోయివస్తానని చెబుతున్నా ప్రభావతి కాళ్ళు ఆ చోట నిలబడవు. ఎలీషాకు అది తెలుసు. ఎందుకని అడగకుండా అప్పగింతలు ఆయనే తీసేవాడు.

"ఫొటోమ్మా, పిల్లను తీసుకురమ్మంటాండారు!" అని ఎవరో కేకేశారు.

ప్రభావతి వసుధ వెనకే గుమ్మం దాటింది. చలువ పందిరి కింద అంత పొద్దున్నే ఉక్క. నాదస్వరం, డోలు, చెమట, సన్నజాజులు. ఆమె కళ్ళు ముందు ఎలీషాను వెతికాయి. మండపం పక్కన నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా వీపుకు అంటుకుపోయింది. మెళ్ళో రెండు కెమెరాలు.

ఆ రెండింటికీ వాళ్ళు పేర్లు పెట్టుకున్నారు. రోలు ఉండేది పెద్దోడు. రోలు లేనిది చిన్నోడు. పిల్లలు లేని ఇంట్లో ఆ పేర్లు ఎవరు ముందు పిలిచారో గుర్తులేదు. పెళ్ళికొచ్చిన వాళ్ళంతా "నాకొకటి తియ్యి ఎలీషప్పా, నాకొకటి" అని మీదపడతారు. అందరికీ రోలు ఖర్చుపెడితే తాళి కట్టే వేళకు ఏమీ మిగలదు. అందుకని చిన్నోడిని ఎత్తి ఉత్త ఫ్లాష్ కొట్టేవాడు. పిల్లలు ఎగిరి గంతులేసేవాళ్ళు. ముసలివాళ్ళు మీసం సర్దుకునేవాళ్ళు. "మోసం గాదా?" అని కొత్తలో అడిగింది ప్రభావతి. "వాళ్ళు అడిగేది ఫొటో గాదు ప్రభా. వాళ్ళ మీద కూడా ఒకతూరి వెలుగు పడల్లంటాండారు. వెలుగు నిజమే గదా!" అన్నాడు. ఆమెకు ఆ మాట నచ్చింది.

చిన్నోడి బెల్టుకు గుర్తుగా ఎర్ర గుడ్డపీలిక ఉండేది. కిందటి వానాకాలం తెగిపోయింది. ఇంకొకటి కడతానంటే, "నా యేళ్ళకు తెలీదా" అన్నాడు.

ఈమధ్య ఆయన వేళ్ళు ఆమెకు భయం పుట్టిస్తున్నాయి. మిషన్ ఆసుపత్రిలో డాక్టరమ్మ, గుండె పెద్దదైందని, బరువులు మొయ్యొద్దని, ఎండలో తిరగొద్దని చెప్పింది. "గుండె పెద్దదంట ప్రభా. నీకు ఇన్నాళ్ళూ తెలీలా" అని దారంతా నవ్వాడు. ఈ వైశాఖం దాటనిమ్మని, తర్వాత స్టూడియోలోనే కూర్చుంటానని మాటిచ్చాడు. ఆయన దగ్గు వినబడితే ఆమెకు భయం, వినబడకపోతే ఇంకా భయం.

మండపంలో వసుధ తండ్రి దొరస్వామి, అల్లుడి కాళ్ళు పళ్ళెంలో పెట్టించుకుని చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. పాల వ్యాపారం చేసే మనిషి. వందల లీటర్లు ఒలక్కుండా కొలిచే ఆ చేతులు గడగడలాడుతున్నాయి. ఎలీషా ఒంగి ఫొటో తీశాడు. రోలు జరిపే మీట తోసి ఇంకొకటి. ప్రభావతి ఊరికే ఆ చేతుల వైపు చూస్తోంది. కెమెరా ఎడమవైపు చిన్న గుండ్రటి గుబ్బ ఒకటి ఉంటుంది. లోపల రోలు జరిగినప్పుడల్లా అది తిరుగుతుంది. ఎలీషా మీట తోశాడు. గుబ్బ కదల్లేదు. మళ్ళీ తోశాడు. కదల్లేదు.

ఆయన చిన్నోడితో తీస్తున్నాడు.

కాళ్ళు కడిగేటప్పుడు తీసినవన్నీ ఉత్త ఫ్లాషులే. ఇప్పుడు అడ్డుతెర పట్టుకున్నారు. జీలకర్ర బెల్లం నూరిన తమలపాకులు పళ్ళెంలో సిద్ధంగా ఉన్నాయి. ఆ వెంటనే గట్టిమేళం మోగుతుంది, తాళి పడుతుంది. అది మళ్ళీ పట్టదగ్గ క్షణం కాదు. ఆ ఫొటో లేకపోతే ఈ పిల్లకు పెళ్ళి జరిగినట్టు చూపించుకోవడానికి ఏమీ ఉండదు. ఇన్నేళ్ళ ఎలీషప్ప పేరు, పందిట్లో ఇందరి మధ్యన, ఒక్క మాటతో మట్టిలో కలిసిపోతుంది. "ఏమయ్యా, అది ఉత్తది" అని ఆమె అరవవచ్చు. అరిస్తే ఫొటో దక్కుతుంది, మనిషి దక్కడు.

ఆమె మగవాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుంటూ నడిచింది. "యాడికమ్మా, ఈ పక్క మగోళ్ళుండారు" అని ఎవరో అన్నారు. వినిపించుకోలేదు. మండపం మెట్టెక్కి, అందరికీ వినబడేలా, ఇంట్లో మొగుణ్ణి కసిరే గొంతుతో అంది.

"ఏందయ్యా ఆ బెల్టు? మెలిబడి మెడకు బిగుసుకుంటాండాది. ఇట్ల రా."

"మెలిబడిందా?" అన్నాడు ఎలీషా అయోమయంగా.

"ఊఁ. తల వంచు."

ఆయన తల వంచాడు. ఆమె చిన్నోడిని మెళ్ళోంచి తీసి తన భుజాన వేసుకుంది. పెద్దోడిని ఎత్తి ఆయన చేతుల్లో పెట్టి, ఒక్క క్షణం ఆ వేళ్ళను తన వేళ్ళతో మూసి పట్టుకుంది. మంచులా ఉన్నాయి. ఎలీషా కిందికి చూశాడు. చేతిలో ఉన్నదాన్నీ, ఆమె భుజం మీద ఉన్నదాన్నీ చూశాడు.

"సూసినావా అమ్మణ్ణీ," అంది మారెమ్మ వసుధతో. "పెండ్లయినాక మొగుని మెడ మనమే సర్దుకోవల్ల. ఇప్పుడే నేర్సుకో."

జనం నవ్వారు. ఆ నవ్వుల్లో తెర జారింది. ఇటు వసుధ, అటు ఆ కుప్పం పిల్లవాడు, మొదటిసారి అంత దగ్గర నుంచి ఒకరినొకరు చూసుకున్నారు. ఫ్లాష్ వెలిగింది. గుబ్బ తిరిగింది. గట్టిమేళం మోగింది. అక్షతలు పడుతుంటే, పసుపుతాడు పట్టుకున్న చేతుల మీద మళ్ళీ వెలుగు పడింది. గుబ్బ మళ్ళీ తిరిగింది. ప్రభావతి కళ్ళు మూసుకుని, ఆ హిందువుల మండపం మెట్టు మీదే నిలబడి, ప్రభువుకు కృతజ్ఞత చెప్పుకుంది.

తలంబ్రాలు అయ్యాక ఆమె దొరస్వామి దగ్గరికి వెళ్ళింది.

"అప్పా, కాళ్ళు కడిగేటప్పుడు ఫ్లాష్ సరిగా పడలేదు. ఇంకొక్కసారి సెంబు పట్టుకుంటావా?"

దొరస్వామి తలపాగా సర్దుకున్నాడు. "మళ్ళీనా? నిజంగా నీళ్ళు పోయాల్నా?"

"పోస్తేనే బాగుంటాది."

"పొయ్యిరా పొయ్యి!" అంది మారెమ్మ. "రెండుతూర్లు కాళ్ళు కడిగిచ్చుకున్న అల్లుడు. ఇంక జన్మలో అలగడానికి లేదు సామీ!"

పెళ్ళికొడుకు నవ్వాపుకోలేక చెప్పులు విడిచి మళ్ళీ పీట మీద కూర్చున్నాడు. ఈసారి తొందరలేదు, మంత్రాలు లేవు, గుమిగూడిన బంధువులు లేరు. దొరస్వామి నీళ్ళు పోస్తూ పోస్తూ అల్లుడి పాదం మీద అలాగే అరచెయ్యి ఉంచేశాడు. "జాగ్రత్తగా సూసుకో నాయనా" అన్నాడు, ఎవరికీ వినబడనంత మెల్లగా. ప్రభావతి పెళ్ళికూతురి గదిలో వాడిన తన కెమెరాతో తీసింది. పందిరి చివర ఎలీషా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అక్కడి నుంచే చూస్తున్నాడు. లేవలేదు.

మధ్యాహ్నం పంక్తులు లేచాక పాలపళ్ళెం వచ్చింది. ప్రభావతి అలవాటుగా పెరటి వైపు తిరిగింది.

"ప్రభా," అని పిలిచాడు ఎలీషా కుర్చీలోంచే. "ఈ పూట నువ్వు తియ్యి. నాకు కాళ్ళు ఆడటం లేదు."

ఆమె ఆయన మొహం చూసింది. పెదవుల చుట్టూ బూడిద రంగు. "ఇంటికి పోదాం పా" అంది.

"పోదాం. ఇది అయినాక."

ఆమె పెద్దోడిని కంటికి పెట్టుకుంది. ఆ చిన్న చట్రంలో వసుధ, వాళ్ళమ్మ, దొరస్వామి అందరూ దూరమై, పొట్టివాళ్ళై, నీళ్ళ అడుగున ఉన్నట్టు కనిపించారు. వసుధ రెండు చేతులూ పాలలో ముంచి, ఆ తడి చేతులను అత్తమామల చేతుల్లో పెట్టారు. పాలు మోచేతుల వెంట కారుతున్నాయి. వాళ్ళమ్మ చెయ్యి కూతురి చేతిని వదిలింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ వదిలింది. ఇంత మెల్లగా వదులుతారని ప్రభావతికి ఇన్నాళ్ళూ తెలియదు. మడత పెట్టిన దుప్పటిలా ఒకేసారి ఉండదన్నమాట. ఒక వేలు, ఆ తర్వాత ఇంకొక వేలు. చివరి వేలి దగ్గర ఆమె మీట నొక్కింది. అద్దం మసకబారి తర్వాతది కనబడలేదు.

బస్టాండులో మదనపల్లె బస్సుకు జనం తోసుకుంటున్నారు. ఎలీషా వంగి, భుజాన ఉన్న ఎర్రంచు తువ్వాలును కిటికీలోంచి లోపలికి విసిరాడు. తువ్వాలు పడిన సీట్లో ఇంకెవరూ కూర్చోరు. జీవితమంతా ఆయన ఆమె కోసం అట్లాగే చోటు ఆపాడు. ఎప్పుడూ కిటికీ పక్క ఆమెకే. ఈరోజు ఆమె ఆయన్ని కిటికీ వైపుకు జరిపింది. "గాలి తగల్నీ" అంది. ఆయన తువ్వాలు మడిచి, కిటికీ కడ్డీకి ఆనించి తల పెట్టుకున్నాడు. సంచీ ఆమె ఒళ్ళో ఉంది.

ఊరు దాటాక ఎండ మెత్తబడింది. టమోటా తోటలు, రాళ్ళగుట్టలు, గుట్టల మీద మేకలు వెనక్కి జారిపోతున్నాయి.

"ప్రభా."

"ఊఁ."

"బెల్టు బాగా సర్దినావు."

"మెలిబడింది గదా, అందుకే."

"మెలిబడింది బెల్టు గాదులే." ఆయనే నవ్వాడు. "ఆ దొరస్వామిని సూసినావా? మొదట పోసింది బయంతో. రెండోతూరి పోసినప్పుడే నిజంగా కడిగినాడు. నేను మొదటే పెద్దోణ్ణి పట్టుకొనుంటే ఆ ఫొటో వచ్చుండేదే కాదు."

"తప్పు చేసి గొప్పలు జెప్పుకుంటాండావే!"

"అప్పగింతల ఫొటో ఎట్ల వచ్చిందో?"

"నేనెట్ల జెప్పేది? రోలు కడిగితే గదా తెలిసేది."

"బాగొచ్చుంటాది. నీ సెయ్యి వణకలా. సూస్తానే ఉండినా." ఆయన కళ్ళు మూసుకున్నాడు. "రేత్రికి చారు చెయ్యి. ఎండు మిరక్కాయలు బాగా ఏసి."

"నీకు కారం వద్దన్నింది డాక్టరమ్మ."

ఆయన పలకలేదు. ఆమె చారు గురించే ఆలోచించింది. చింతపండు ఉంది. కరివేపాకు పక్కింట్లో అడగాలి. కిటికీలోంచి గాలి ఆయన నెరిసిన జుట్టును ఎత్తి దించుతోంది. గుట్టలు ఎర్రబడుతున్నాయి. బస్సు ఊగుతుంటే ఆమెకూ కునుకు పట్టింది. ఆ కునుకులో తెల్లటి గది, కిటికీ, వరసగా కూర్చున్న పెళ్ళికూతుళ్ళు. ఎవరూ ఏ ఊరి పేరూ పలకడం లేదు. అందరూ ఆమె వైపు చూస్తున్నారు.

ఒక మలుపు దగ్గర డ్రైవరు బ్రేకు తొక్కాడు. అందరూ ముందు సీటు కడ్డీ పట్టుకున్నారు. ఎలీషా చెయ్యి లేవలేదు. ఆయన మెల్లగా ఆమె భుజం మీదికి ఒరిగాడు.

ఎన్ని రాత్రులో ఆమె లేచి, ఆయన ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి చూసింది. ఇప్పుడు పెట్టలేదు. ఆయన చెయ్యి తీసుకుని తన ఒళ్ళో, సంచీ మీద పెట్టుకుంది. అరిస్తే బస్సు ఆగుతుంది. ఆగితే ఇక్కడే, ఈ గుట్టల పక్కన, అంతా అయిపోతుంది. బస్సు కదులుతున్నంతసేపూ ఇద్దరూ ఇంటికి వెళ్తున్నట్టే. ఆమె అట్లాగే కూర్చుంది. ముందు సీట్లో పసిబిడ్డ వెనక్కి తిరిగి ఆయన్ని చూసి నవ్వింది. ప్రభావతి కూడా ఆ బిడ్డను చూసి నవ్వింది. ఆయన వేళ్ళను ఒక్కొక్కటిగా నిమురుతూ, ఒక్కొక్కటిగా వదులుతూ, మళ్ళీ పట్టుకుంటూ వచ్చింది.

"మదనపల్లె, మదనపల్లె! దిగాల, దిగాల!" కండక్టరు వెనక నుంచి వచ్చాడు. "పెద్దాయన్ను లేపమ్మా. బండి కదిరికి పోవల్ల."

"లేయడప్పా," అంది ప్రభావతి. "కొంచెం సాయం పట్టు. మెల్లగా."

కండక్టరు ఆయన మొహం చూసి టోపీ తీశాడు. డ్రైవరు, ఇంకెవరో ఇద్దరు వచ్చారు. జాగ్రత్తగా ఎత్తి, మెట్లు దింపి, ఆటోలో పడుకోబెట్టారు. ఆమె ఆయన తలను ఒళ్ళో పెట్టుకుంది. ఎండకు కందిన ఆ నుదుటి మీద చెయ్యి ఆనించి, "పోయిరాయ్యా" అంది. ఆ మాట తన నోటితో ఒకరికి చెప్పడం ఆమెకు అదే మొదటిసారి.

ఆటో కదిలేలోపే కదిరి జనం బస్సు మీద పడ్డారు. సీట్లన్నీ నిండాయి. చంకలో బిడ్డతో ఒకామె ఆ కిటికీ దగ్గర దాకా వచ్చి, సీటు మీదికి జారిన తువ్వాలును చూసి, ఎవరో వస్తారనుకుని పక్కకు తప్పుకుని నిలబడింది. బస్సు బయల్దేరింది. ఎర్రంచు తెల్ల తువ్వాలు, కిటికీ పక్కన ఎవరికో చోటు ఆపుకుని, సాయంకాలపు ఎండలో కదిరి దారి పట్టింది.